ఊరి వీరుడు పందెపు బండెక్కితే

పిల్లల ఆట మీద విమర్శ వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవల మీద విమర్శ రాస్తాము, నాటకం మీద రాస్తాము, సినిమా మీద గూడా రాస్తాము. వాటిని సాహిత్యమనో, కళ అనో ఒప్పుకున్నాము గనక రాస్తాము. కాని ఇవాళ సిద్దిపేటలో గాని, దుబ్బాక, చేర్యాల, హుస్నాబాదుల్లో గాని ఎనిమిదేళ్ళ పిల్లవాడికి కథ మొట్టమొదట ఏ రూపంలో అందుతున్నదో గమనించండి. టీవీ తెర మీద బొమ్మల రూపంలో అందుతున్నది. ఆ తరువాత ఇంట్లో ఎవరిదో ఒకరి సెల్‌ఫోను మీద ఆట రూపంలో అందుతున్నది. మన కథలూ నవలలూ వాడి చేతికి రావడానికి ఇంకా పదేళ్ళు పడుతుంది. అప్పటికి కథ అంటే ఏమిటో, వీరుడంటే ఎవరో, గెలుపంటే ఏమిటో వాడి మనసులో ఒక అచ్చు పడిపోయి వుంటుంది. ఆ అచ్చును పరీక్షించకుండా, పాఠకులు తగ్గిపోతున్నారని సభల్లో వాపోవడం వల్ల ప్రయోజనం లేదు. పాఠకుడు ఎక్కడ తయారవుతున్నాడో విమర్శకుడు అక్కడికి పోవాలి.

బొమ్మల సినిమాల్లోని పాత్రలను తీసుకుని, వాళ్ళను చిన్న చిన్న బండ్లెక్కించి, గుండ్రటి దారిలో పందెం పెట్టే ఆటలు ప్రపంచమంతటా వున్నాయి. వీటిని కార్ట్ రేసింగ్ ఆటలంటారు. ఈ జాతిలో మనకు అతి దగ్గరిది "ఛోటా భీమ్ స్పీడ్ రేసింగ్". దాన్ని ఆధారం చేసుకుని ఒక్క ప్రశ్న వేయదలచుకున్నాను. కథ పందెంగా మారినప్పుడు కథలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది?

1

ముందు కథ సంగతి చూద్దాము. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాదులోనే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దాన్ని తయారుచేసింది. 2008లో పోగో చానెల్‌లో ప్రసారం మొదలయింది. తరువాత అది సినిమా థియేటర్లకు గూడా ఎక్కింది. 2012లో దమ్యాన్ శాపం కథ, 2013లో బాలి సింహాసనం కథ, 2019లో "కుంగ్ ఫూ ధమాకా" వచ్చాయి. మన రాజధానిలో పుట్టిన పిల్లవాడు తెలుగు పిల్లలతో డబ్బింగు గొంతులో మాట్లాడడం ఒక విచిత్రం. కాని దాని చర్చ మరొకసారి.

ధోలక్‌పూర్ అనే ఊళ్ళో తొమ్మిదేళ్ళ భీముడు వుంటాడు. లడ్డు తింటే వాడికి బలం వస్తుంది. చుట్కీ, రాజు, కోతి జగ్గు వాడి నేస్తాలు. కాలియా, ఢోలు, భోలు వాడి మీద అసూయపడేవాళ్ళు. ఊరికి ఏదో ఒక ఆపద వస్తుంది. భీముడు దాన్ని తప్పిస్తాడు.

ఈ కథలో లోపాలు లేవని ఎవరూ అనరు. ఊరికి ఆపద వచ్చిన ప్రతిసారీ ఊరివాళ్ళు చేతులు ముడుచుకుని ఒక బలశాలి కోసం ఎదురుచూస్తారు. పైన ఇంద్రవర్మ మహారాజు సుఖంగా వుంటాడు; ఆయన పాలనలో ఆపదలు ఎందుకు వస్తాయని ఎవరూ అడగరు. కండ బలిసి నిత్యమూ భంగపడేవాడి పేరు కాలియా. ఆ పేరులోనే నలుపు వున్నది. వీరుడు మాత్రం మంచి రంగులో వుంటాడు. నల్లని పిల్లలు నిండిన మన బడుల్లో ఆ పేరు వెక్కిరింతగా మారితే తప్పు పిల్లలది మాత్రమే కాదు. చుట్కీ తెలివైన పిల్లే అయినా ఎక్కువగా లడ్డూలు అందించే చేతిగానే కనిపిస్తుంది.

ఇవన్నీ నిజమే. అయినా ఆ కథకొక నడుము వున్నది. భీముడి బలం భీముడి కోసం కాదు. అది ఊరి పని మీద ఖర్చయ్యే బలం. "కుంగ్ ఫూ ధమాకా"నే చూడండి. భీముడూ వాడి నేస్తాలూ చైనా దేశానికి పోటీ కోసం పోతారు. పోటీ నడుమ చక్రవర్తి కూతురు కియాను జుహు అనే దుర్మార్గుడు ఎత్తుకుపోతాడు. అక్కడ అసలు కథ మొదలవుతుంది. అంటే వ్యాపారం కోసమే తీసిన ఆ సినిమాలో గూడా, కథ నడవాలంటే పోటీ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఎవరు మొదటివాడన్న ప్రశ్న పోయి, ఎవరిని కాపాడాలన్న ప్రశ్న వస్తేనే భీముడు భీముడవుతాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

2

ఇక ఆట సంగతి. భీమ్ బొమ్మతో ఫోను ఆటలు తయారుచేసే హక్కును ముంబయికి చెందిన నజారా సంస్థ పొందింది. ఆ సంస్థ 2021లో స్టాకు మార్కెటులోకి గూడా వచ్చింది. స్పీడ్ రేసింగ్ వాళ్ళ ఆటే. భీముడూ, ఇతర పాత్రలూ చిన్న బండ్లెక్కుతారు. ఒకరినొకరు దాటడానికి ప్రయత్నిస్తారు. ధోలక్‌పూర్ పక్కనుంచి పరుగెత్తి వెనక్కి పోతుంది.

ఇది వాళ్ళు కనిపెట్టిన రూపం కాదు. దీని మూలం జపానులో వున్నది. 1992లో నింటెండో సంస్థ "సూపర్ మారియో కార్ట్" అనే ఆటను తెచ్చింది. దాని పుట్టుకలో రెండు విషయాలు మనకు ముఖ్యం.

ఒకటి: అంతకు ముందు 1990లో ఆ సంస్థే తెచ్చిన పందెపు ఆటను ఒక్కడే ఆడవలసి వచ్చేది. ఇద్దరు ఒకే గదిలో కూర్చుని, ఒకే తెరను రెండు ముక్కలు చేసుకుని, కలిసి ఆడేటట్టు చెయ్యాలన్న ఆలోచనలోంచి కార్ట్ ఆట పుట్టింది. ఇద్దరిలో ఒకరు పెద్దవాళ్ళు, ఒకరు చిన్నవాళ్ళు కావచ్చు. అందుకని వెనకబడ్డవాడికి దారిలో బలమైన సాధనాలు దొరికే ఏర్పాటు చేశారు. ముందున్నవాడికి అరటితొక్క దొరికితే, చివర వున్నవాడికి అందరినీ ఒక్కసారి కుదించివేసే మెరుపు దొరకవచ్చు. అక్కా తమ్ముడూ, తండ్రీ కూతురూ సమానంగా నవ్వుకుంటూ ఆడుకోవడానికి ఇది తోడ్పడింది. ఇందులో ఒక మానవీయత వున్నదని ఒప్పుకోవాలి. తక్కిన మారియో కథల్లో దుష్టుడు ఎత్తుకుపోయే రాజకుమారి, ఈ ఆటలో బండెక్కి అందరితో సమానంగా తోలుతుంది. లడ్డూల చుట్కీకి గూడా బండి ఇదే గౌరవం ఇవ్వగలదు. కాలియా గూడా భీముడి పక్కన అదే గీత మీద నిలబడగలడు. ఆ మేరకు ఈ రూపం, కథలోని అసమానతను కొంత చెరిపివేస్తుంది.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. ఆ ఆట తయారీ మొదలుపెట్టినప్పుడు అందులో మారియో లేడు. పనివాడి బట్టలు తొడుక్కున్న ఎవరో ఒక మనిషి బండి తోలేవాడు. కొంత పని అయిన తరువాత ఆ చోట మారియోను కూర్చోబెట్టి చూశారు, బాగుందనిపించింది, వుంచేశారు. అంటే బండి ముందు వచ్చింది, పాత్ర తరువాత వచ్చింది. పాత్రకూ పందేనికీ అవసరమైన సంబంధం ఏమీ లేదు. మారియోకు ఇది పెద్ద నష్టం కాదు, ఎందుకంటే మారియోకు చెప్పుకోదగిన కథ మొదటినుంచీ లేదు. కాని కథ గలిగిన సినిమా పాత్రలను తెచ్చి అదే బండిలో కూర్చోబెట్టడం మొదలయిన తరువాత అసలు నష్టం మొదలయింది.

"ష్రెక్" సినిమా 2001లో వచ్చింది. బురద నేలలో ఒంటరిగా బతికే వికారరూపుడొకడు. ఒక చిన్న ప్రభువు తన రాజ్యంలోని కథల ప్రాణులనన్నిటినీ తరిమివేస్తే అవి వచ్చి వీడి నేల మీద పడతాయి. తన నేల తనకు కావాలని వీడు ప్రభువు దగ్గరికి పోతాడు. నవ్వులాట సినిమాయే గాని, దానికి మూలం నేల తగాదా, నిర్వాసితుల బాధ. మరుసటి ఏడే, 2002లో, దాని మీద చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కోసం ఒక కార్ట్ ఆట వచ్చింది. ఆ బురద నేల పందెపు దారిగా మారింది. అట్లాగే "మడగాస్కర్" సినిమా 2005 నాటిది. న్యూయార్కు జంతుశాలలో పెరిగిన సింహమూ, కంచరగాడిదా, జిరాఫీ, నీటిగుర్రమూ కటకటాల బయట ప్రపంచం ఎట్లా వుంటుందో తెలుసుకునే కథ అది. 2009లో ఆక్టివిజన్ సంస్థ దాన్ని "మడగాస్కర్ కార్ట్జ్" చేసింది. కటకటాలు దాటిన జంతువులు మళ్ళీ గుండ్రటి దారిలో పడి, బయలుదేరిన చోటికే తిరిగి తిరిగి వస్తూ వుంటాయి. ఆటను తయారుచేసినవాళ్ళు ఈ వెటకారాన్ని వుద్దేశించి వుండరు. కాని రూపం తన పని తాను చేసింది.

3

ఇప్పుడు భీముడి దగ్గరికి వద్దాము. సినిమా చూసి వచ్చిన పిల్లవాడిని కథ చెప్పమని అడగండి. వాడు తప్పులతోనైనా చెబుతాడు. ఎవరికి ఆపద వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు, ఎట్లా తప్పించుకున్నారు అని వరసపెట్టి చెబుతాడు. బండి ఆట ఆడిన పిల్లవాడిని అడగండి. "గెలిచిన" అంటాడు, లేదా "మూడో నంబరొచ్చిన" అంటాడు. అంతకు మించి చెప్పడానికి అందులో ఏమీ లేదు. వాడికి మాటలు రాక కాదు. జరిగినదానిలో ఒకరికీ ఒకరికీ మధ్య ఏ సంబంధమూ మారలేదు. మారినది వరసలో స్థానం ఒక్కటే.

ముఖం వుంచి సంబంధాన్ని తీసివెయ్యడం ఈ మార్పులోని కీలకం. భీముడి ముఖం వున్నది, రంగుల పంచె వున్నది, బహుశా లడ్డు గూడా వున్నది. కాని రాజు ఇక నేస్తం కాడు, దాటవలసిన బండి. అన్నిటికంటె విషాదకరమైనది ఊరి గతి. కథలో ధోలక్‌పూర్ కాపాడవలసిన ఊరు. ఆటలో అది గోడకు కట్టిన తెర. దాని నడుమ నుంచి ఎంత వేగంగా పోతే అంత గొప్ప. అక్కడ ఆగితే ఓడిపోతావు. ఊరిని చూడడం ఓటమికి కారణమయ్యే ఆట ఇది.

సిద్దిపేట జిల్లాలో ఈ మాటకు బరువు వున్నది. మల్లన్నసాగర్ కోసం వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురం వంటి ఊళ్ళు నీట మునిగాయి. 2022 ఫిబ్రవరిలో జలాశయం ప్రారంభమయింది. చేలకు నీళ్ళు అక్కరలేదని ఎవరూ అనరు. కాని ఊళ్ళు పోయినవాళ్ళ దుఃఖం నీళ్ళతో తీరేది కాదు. ఆ పిల్లలు గజ్వేలు దగ్గర పునరావాస కాలనీల్లో పెరుగుతున్నారు. వాళ్ళకు ఊరంటే ఏమిటో, దాని కోసం నిలబడడమంటే ఏమిటో పెద్దవాళ్ళ మాటల్లో వినవలసిందే. అటువంటి చోట, తెర మీద ఊరి కోసం నిలబడే ఒక పిల్లవాడి కథ, ఎంత నాసిరకమైనదైనా, కొంత ఊతమిస్తుంది. దాన్ని గూడా తీసివేసి, ఊరంటే వెనక్కి పరుగెత్తే బొమ్మ అని చూపించడం చిన్న విషయం కాదు.

ఇక్కడ రెండవ కోత గూడా వున్నది. కార్ట్ ఆటకు పుట్టుకలో వున్న మంచిగుణం ఇద్దరు పక్కపక్కన కూర్చోవడమని చెప్పాను. ఫోను చిన్నది, చేయి ఒకటి. పిల్లవాడు ఒంటరిగా యంత్రంతో పందెం కడతాడు. ఇటువంటి ఆటల్లో చాలావాటిలో యంత్రం తోలే బండ్లు మనం ముందుకు పోతే వేగం పుంజుకుంటాయి, మనం వెనకబడితే నెమ్మదిస్తాయి. పందెం చివరిదాకా గట్టిగా వున్నట్టు అనిపించడం కోసం ఈ ఏర్పాటు. మన పిల్లల భాషలో దీని పేరు తొండి. చిర్రగోనె ఆడేటప్పుడు ఎవడన్నా తొండి చేస్తే పదిమంది మీద పడి అడుగుతారు, వాదిస్తారు, నియమం మార్చుకుంటారు, అవసరమైతే ఆటే ఆపేస్తారు. న్యాయమంటే ఏమిటో పిల్లలు మొదట నేర్చుకునేది ఆ జగడాల్లోనే. యంత్రం తొండితో జగడం పెట్టుకునే దారి లేదు. పైగా ఉచితంగా దొరికే ఫోను ఆటల వ్యాపారం ప్రకటనల మీద, లోపల అమ్మే సరుకుల మీద నడుస్తున్నది. వెనకబడ్డవాడికి సాయం చెయ్యడానికి పుట్టిన ఏర్పాటు, డబ్బు పెట్టినవాడికి సాయం చేసే ఏర్పాటుగా జారిపోవడానికి ఎంతో దూరం లేదు.

కనక నష్టం రెండు వైపుల నుంచి జరిగింది. కథ తన ఊరిని పోగొట్టుకున్నది. ఆట తన జతగాణ్ణి పోగొట్టుకున్నది. మిగిలినది అమ్మకానికి పనికివచ్చే ఒక ముఖం.

4

బొమ్మలతో కథ చెప్పడం సిద్దిపేట నేలకు కొత్త కాదు. చేర్యాల నకాషీ పటం మన జిల్లాదే. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రని నేల మీద వరసగా బొమ్మలు వేసి, చుట్టగా చుడతారు. కథకులు ఊళ్ళోకి వచ్చి, పటం దించి, ఒక్కొక్క బొమ్మ చూపుతూ రాత్రులకు రాత్రులు కథ నడుపుతారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. అంటే ఛోటా భీమ్ పుట్టడానికి ఎన్నో తరాల ముందే భీముడు ఈ ప్రాంతంలో రంగుల బొమ్మగా ఊరూరా తిరిగాడు.

ఈ మాట చెప్పి, పాతదంతా బంగారమనడం నా వుద్దేశం కాదు. ఆ పటం కులాల గోడల మధ్య తిరిగింది. ఒక కులం కథ ఆ కులానికే. చెప్పేవాడు ఆ కులం మీద ఆధారపడి, దయాధర్మాల మీద బతికేవాడు. అట్టడుగువాళ్ళకు తమ పుట్టుక గొప్పదని చెప్పే ధిక్కారం దానిలో ఎంత వున్నదో, ఎవరి గోడల్లో వాళ్ళను వుంచే గుణం గూడా అంతే వున్నది. దాన్ని యథాతథంగా తిరిగి తెమ్మనడం అభ్యుదయం కాదు, సాధ్యమూ కాదు. ఇవాళ ఆ పని చేసే కొద్ది కుటుంబాలు గూడా గోడకు తగిలించుకునే చిన్న పటాలూ, మాస్కులూ ఎక్కువగా చేస్తున్నాయి. అక్కడ గూడా కథ పోయి బొమ్మ మిగులుతున్నది. భీముడికి ఫోనులో జరిగినదీ, పటానికి అంగడిలో జరిగినదీ వేరువేరు కాదు.

అయినా పోలిక వల్ల ఒక విషయం తేలుతుంది. పటం ముందు కూర్చున్నవాడు కథకుడిని ఆపగలడు, ప్రశ్నించగలడు, తెలిసిన ఘట్టాన్ని మళ్ళీ చెప్పమనగలడు. పటం ఎవరి కథో వాళ్ళే దాన్ని రాయించి, పోషించేవాళ్ళు. ఛోటా భీమ్ ముఖం మీద హక్కు ఒక సంస్థది. ఆట హక్కు మరొక సంస్థది. వాడిని ప్రేమించే లక్షలాది పిల్లలకు వాడి మీద ఏ హక్కూ లేదు. వాడు ఏ పని చెయ్యాలో, ఏ బండెక్కాలో చెప్పే అధికారం వాళ్ళకు లేదు.

5

అయితే ఏమి చెయ్యాలి? ఫోను లాక్కోవడం ఒక పరిష్కారమని కొందరు ఉపాధ్యాయులు అనుకుంటున్నారు. ఆకలి వున్నవాడి చేతిలోంచి చెడ్డ కూడు లాక్కుని, మంచి కూడు పెట్టకపోవడం లాంటిది అది. పిల్లలకు ఆట కావాలి. వేగమంటే వాళ్ళకు ఇష్టం; అది తప్పు కాదు.

రూపం శత్రువు కాదన్న సంగతి మన వుద్యమ చరిత్రే చెబుతుంది. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టింది. దేవతల కథలకూ రాజుల కథలకూ అలవాటుపడిన ఆ రూపం రైతుకూలీల పోరాటాన్ని మోసింది. సిద్దిపేటకు చెందిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) జానపద చిత్రకళ గీతనూ రంగునూ తీసుకుని, పల్లె శ్రమజీవులనూ బోనాలనూ ఆధునిక చిత్రంలోకి తెచ్చాడు. పాత రూపంలో కొత్త వస్తువు ఇమడగలిగినప్పుడు, కొత్త రూపంలో మన వస్తువు ఇమడదని ఎందుకనుకోవాలి? ఇద్దరు కలిసి తోలితేనే కదిలే బండి వుండవచ్చు. ముందు పోయినవాడు ఆగి వెనకవాడిని ఎక్కించుకుంటేనే ఊరు చేరే దారి వుండవచ్చు. ఊరిని గమనించినవాడికే దారి తెలిసే ఆట వుండవచ్చు. వీటిలో సాంకేతికంగా అసాధ్యమైనది ఒక్కటీ లేదు. ఇవాళ మన జిల్లాలో గూడా కంప్యూటరు భాషలు చదివే విద్యార్థులు ఎందరో వున్నారు. వాళ్ళను ఉద్యోగాలకు తయారుచేసే చదువు, వాళ్ళ ఊరి పిల్లలు ఏ ఆట ఆడుతున్నారన్న ప్రశ్న మాత్రం వాళ్ళ ముందు పెట్టడం లేదు. ఆ ప్రశ్న పెట్టవలసినవాళ్ళం మనం.

ఉపాధ్యాయ మిత్రులు చెయ్యగలిగిన పని ఇంకా సులువు. పాఠంలోని కథను విడదీసి చూపినట్టే ఆటను గూడా తరగతిలో విడదీయవచ్చు. ఈ ఆటలో నీకు నేస్తం ఎవరు? గెలిచిన తరువాత ఊళ్ళో ఏమి మారింది? నియమం ఎవరు పెట్టారు, దాన్ని నువ్వు మార్చగలవా? ఓడినవాడికి ఏమయింది? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే పిల్లలు ఇచ్చే జవాబులు మన విమర్శకుల జవాబులకంటె పదునుగా వుంటాయి. చిర్రగోనెలో తొండిని పట్టగలిగినవాడు తెర మీద తొండిని పట్టలేడా?

భీముడిని బండి దింపి ఊళ్ళోకి తీసుకురావడం సంస్థలు చేసే పని కాదు. వాటికి ఆ అవసరం లేదు. ఆ ముఖం ఏ బండెక్కినా వాటికి అమ్మకమే. అవసరం వున్నది పిల్లలకు, ఆ పిల్లలను పెంచుతున్న ఊళ్ళకు. కనక ఆ పని వాళ్ళతో కలిసి మనమే మొదలుపెట్టాలి.